హైదరాబాదు దళపు హరికేన్: ఒక యుద్ధ విమానము మరల ఎగిరిన కథ

యుద్ధములో నేలకొరిగిన వీరుని పేర రాతిని నిలుపుట మన దేశములో చాలా పురాతనమైన ఆచారము. తెలుగునాట అనేక గ్రామముల పొలిమేరలలో నేటికిని వీరగల్లులు కనిపించుచున్నవి. ఇరవయ్యవ శతాబ్దములో యుద్ధము ఆకాశమునకు ఎక్కినది. స్మారక చిహ్నముల రూపము కూడ దానితో కొంత మారినది. వీరుడు నడిపిన విమానమునే వెదకి తెచ్చి, దాని తుప్పు వదలించి, మరల ఎగురునట్లు చేయుట ఇప్పుడు కొన్ని దేశములలో ఒక ఆచారమైనది. ఇది భక్తితో మాత్రము సాగెడి పని కాదు. లోహశాస్త్రము, రసాయనశాస్త్రము, యంత్రశాస్త్రము చేయి కలిపిననే గాని ఇట్టి పని నెరవేరదు. 2017లో ఇంగ్లండులో మరల ఆకాశమున కెగిరిన పి 3717 అను హరికేన్ విమానము ఇందుకు చక్కని ఉదాహరణము. దాని కథలో హైదరాబాదు పేరు కూడ ఉన్నది.

హైదరాబాదు పేరు ఎట్లు వచ్చినది?

మొదటి ప్రపంచ యుద్ధకాలమున హైదరాబాదు నిజాము బ్రిటిష్ వైమానిక దళమునకు విమానములను బహూకరించాడు. 1918లో ఫ్రాన్సునకు వెళ్లిన 110వ దళము ఆ విమానములతోనే ఏర్పడినది. అందుచేత దానికి హైదరాబాదు దళమను పేరు కలిగినది. రెండవ ప్రపంచ యుద్ధములో ఇదే సంప్రదాయము కొనసాగినది. 152వ దళమునకు హైదరాబాదు అనియు, 253వ దళమునకు హైదరాబాదు రాష్ట్రము అనియు పేర్లు వచ్చినవి. 152వ దళపు చిహ్నములో నిజాము ధరించు తలపాగా ఉండెడిది. సంస్థానపు ధనమనగా కడపటికి ప్రజలు చెల్లించిన పన్నులే గదా. తెలంగాణపు రైతు కట్టిన శిస్తులో కొంత భాగము ఈ విధముగా ఇంగ్లీషు ఆకాశము చేరినదని చెప్పవచ్చును.

1940 జులై 10 మొదలు అక్టోబరు 31 వరకు ఇంగ్లండుపై జరిగిన వైమానిక సమరమును బ్రిటన్ సమరము అంటారు. అందులో బ్రిటిష్ పక్షమున సుమారు 2,900 మంది వైమానికులు పోరాడారు; 544 మంది ఆ సమరములోనే మరణించారు. పోరాడినవారిలో దాదాపు 145 మంది పోలెండు దేశీయులు. తమ దేశము 1939లో శత్రువుల పాలు కాగా, వారు పరదేశములు దాటి వచ్చి పరాయి విమానములెక్కి యుద్ధము చేశారు.

ఒక పోలిష్ యువకుడు

అట్టివారిలో వ్లోజిమియెష్ సమొలిన్‌స్కీ ఒకడు. 1940 వేసవిలో అతడు 253వ దళములో చేరాడు. ఆగస్టు 29న ఆ దళము లండనుకు దక్షిణముననున్న కెన్లీ విమానాశ్రయమునకు వచ్చినది. మరునాడే ఘోరమైన పోరు జరిగినది. ఆగస్టు 30న సమొలిన్‌స్కీ పి 3717 విమానములో ఎగిరి, రెండు ఇంజనులు గల మెసర్‌ష్మిట్ 110 రకపు జర్మను విమానము నొకదానిని కూల్చాడు. ఆనాడే ఆ దళము ముగ్గురు చాలకులను కోల్పోయినది.

తరువాత నెల తిరుగక ముందే, సెప్టెంబరు 26న, సమొలిన్‌స్కీ వేరొక హరికేన్‌లో యుద్ధమునకు వెళ్లి తిరిగి రాలేదు. లండనుకు పడమట నార్తోల్ట్ వద్ద 1948లో ఆవిష్కరింపబడిన పోలిష్ వైమానికుల స్మారక స్తంభము ఇట్టివారి స్మృతికే నిలిచినది. అతడు నడిపిన పి 3717 మాత్రము మిగిలినది. దానిని మరమ్మతు చేసి, రెండవ రకపు హరికేన్‌గా మార్చి, కొత్త సంఖ్య నిచ్చి సోవియట్ రష్యాకు పంపారు. ఆ యుద్ధములో బ్రిటన్ రష్యాకు పంపిన హరికేన్‌లు సుమారు 3,000. యుద్ధము ముగిసిన పిదప అర్ధశతాబ్దమునకు దాని శిథిలములు రష్యానుండి ఇంగ్లండు చేరినవి.

హరికేన్ నిర్మాణము

హరికేన్‌ను రూపొందించినవాడు సిడ్నీ కామ్. దాని తొలి నమూనా 1935 నవంబరు 6న ఎగిరినది. అన్ని రకములును కలిపి 14,000కు పైగా తయారైనవి. బ్రిటన్ సమరములో శత్రు విమానములను ఎక్కువగా కూల్చినది స్పిట్‌ఫైర్ కాదు, హరికేనే. రెక్కల వెడల్పు 12.2 మీటర్లు. రెక్కలలో ఎనిమిది మరతుపాకులు. ముందుభాగమున 27 లీటర్ల ఘనపరిమాణము, పన్నెండు సిలిండర్లు, సుమారు 1,030 అశ్వశక్తి గల మెర్లిన్ ఇంజను.

స్పిట్‌ఫైర్‌లో లోహపు రేకే బలమును భరించును. హరికేన్ పద్ధతి పాతది. ఉక్కు గొట్టములును, అల్యూమినియము మిశ్రలోహపు గొట్టములును చట్రముగా కూర్చబడి యుండును. అతుకుల వద్ద గొట్టము చివరలను చదరముగా నొక్కి, ఇరుప్రక్కల పలకలు పెట్టి బోల్టులు బిగింతురు, వెల్డింగు ఉండదు. చాలకుని వెనుక భాగమున చట్రముపై కొయ్య బద్దలు అమర్చి, వాటిపై నార బట్ట కప్పుదురు. ఆ బట్టకు సెల్యులోజు ద్రావణమును పూయుదురు. ద్రావకము ఆవిరి కాగానే పొర కుంచించుకొని, బట్ట మద్దెల చర్మము వలె బిగిసికొనును. తూటా తగిలినచోట అతుకు వేసి విమానమును త్వరగా పోరునకు పంపుటకు ఈ నిర్మాణము అనుకూలించినది. కాని అర్ధశతాబ్దము వానలోను మంచులోను పడియున్న విమానమున బట్టయు కొయ్యయు ఏమి మిగులును?

లోహము ఏల చెడినది?

విమానములకు వాడు డ్యూరాల్యుమిన్‌లో అల్యూమినియముతోపాటు దాదాపు 4 శాతము రాగి, కొద్దిగా మెగ్నీషియము ఉండును. 1900 తరువాతి దశకములో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దీని విచిత్ర గుణమును కనిపెట్టాడు. ఈ లోహమును కాచి నీటిలో ముంచినప్పుడు మెత్తగా ఉండును; ఊరక ఉంచినచో నాలుగైదు దినములలో తనంతట తానే గట్టిపడును. రాగి పరమాణువులు స్ఫటికములో సూక్ష్మమైన గుంపులుగా చేరి, లోహపు పొరలు ఒకదానిపై నొకటి జారకుండ అడ్డగించుటయే దీనికి కారణము. ఈ గట్టిపడుటను చలి మందగింపజేయును. అందుచేత పనివారు కాచిన రివెట్లను శీతలపు పెట్టెలలో దాచి, మెత్తగా ఉండగానే తీసి బిగింతురు.

బలము నిచ్చిన రాగియే వినాశమునకును దారి తీయును. లోహపు కణముల అంచుల వద్ద రాగి ఎక్కువగా గల రేణువులు చేరును. తేమ తగిలినప్పుడు ఈ రేణువులును, వాటి చుట్టునున్న అల్యూమినియమును కలిసి ఒక చిన్న విద్యుద్ఘట మగును. అల్యూమినియము కరగిపోవును. పైకి బాగుగా కనిపించు పలక లోపల పొరలు పొరలుగా ఊడివచ్చును. ఉన్నత పాఠశాలలో రాగి, జింకు పలకలతో ఘటమును చేసి చూపు ఉపాధ్యాయులు విద్యార్థులకు ఈ ఉదాహరణమును కూడ చెప్పవచ్చును. ఇట్లు చెడిన లోహమునకు పూర్వపు బలమును తిరిగి ఇచ్చు విధానము లేదు. చెడిన భాగమును మార్చవలసినదే.

మిగిలిన ఉక్కు భాగముల నైనను కంటితో చూచి నమ్మరాదు. వాటిని అయస్కాంతీకరించి, సన్నని ఇనుప రజను చల్లిన ద్రవమును పోయుదురు. పగులు ఉన్నచోట అయస్కాంత బలరేఖలు బయటికి పొంగును. రజను అచ్చట గీతగా పేరుకొనును. అల్యూమినియము అయస్కాంతమునకు లొంగదు గనుక, దాని పగుళ్లను ఎక్స్‌కిరణములతోను, పగుళ్లలోనికి చొచ్చుకొనిపోవు మెరిసెడి రంగులతోను పట్టుకొందురు.

అన్నిటికంటె కష్టమైనవి రెక్కల దూలములు. హరికేన్‌లో ఇవి గట్టి ఉక్కు రేకును అనేక భుజములు గల గొట్టములుగా మలచి చేసినవి. యుద్ధానంతరము ఆ పని చేయు యంత్రములు పోయినవి, నేర్పరులును గతించారు. పాత పటములను చూచి, రేకును కొద్దికొద్దిగా వంచు రోలర్లను ఇంగ్లండులోని కర్మాగారములవారు మరల తయారు చేయవలసి వచ్చినది. ఒక విమానమును బ్రతికించుటకై మరచిపోయిన ఒక విద్యనే బ్రతికించారన్నమాట.

ఇది ఆ విమానమేనా?

ఇంతవరకు చదివిన విద్యార్థికి ఒక సందేహము కలుగవలెను. బట్ట కొత్తది, కొయ్య కొత్తది, లోహములో చాలభాగము కొత్తది. మరి దీనిని సమొలిన్‌స్కీ నడిపిన విమాన మనవచ్చునా?

ఈ సందేహమునకు వేర్వేరు చోట్ల వేర్వేరు సమాధానములు ఇచ్చారు. 1940 ఆగస్టు 31న జెరార్డ్ మాఫెట్ అను చాలకుడు పి 3175 అను హరికేన్‌లో పోరాడి మరణించాడు. ఆ విమాన శిథిలములను 1973లో సముద్రతీరమున వెలికి తీశారు. వాటిని లండనులోని వైమానిక దళ ప్రదర్శనశాలలో బాగుచేయక, విరిగినవి విరిగినట్లే ఉంచారు. వంగిన రేకు నిజమును చెప్పును. దానిని చక్కదిద్దినచో ఆ సాక్ష్యము చెరిగిపోవును. సమొలిన్‌స్కీ దళమువాడే అయిన కాలిన్ ఫ్రాన్సిస్ ఆగస్టు 30న కెంట్ మండలములో కూలిపోయాడు. 41 సంవత్సరములు అతని జాడ ఎవరికిని తెలియలేదు. 1981లో అతని విమానమును త్రవ్వినప్పుడు అతని అవశేషములు దొరకగా సైనిక మర్యాదలతో సమాధి చేశారు. అచ్చట విమానము ముఖ్యము కాదు. మనిషి ఇల్లు చేరుటయే ముఖ్యము.

పి 3717 సంగతి వేరు. అది మృతుని కడపటి విమానము కాదు. దానిని బాగుచేసినందువలన ఏ సాక్ష్యమును చెరిగిపోలేదు. కాని ఒక నియమము తప్పక పాటింపవలెను. ఏ భాగము పాతది, ఏ భాగము కొత్తది అను లెక్క దాపరికము లేకుండ వ్రాసి ఉంచవలెను. శాస్త్రజ్ఞుడు ప్రయోగ ఫలితమును ఉన్నది ఉన్నట్లు వ్రాయుటయు, చరిత్రకారుడు శాసనములో చెరిగిన అక్షరములను తాను పూరించినట్లు చెప్పుటయు ఒకే ధర్మము. ఆ ధర్మము తప్పినచో స్మారకము వేషధారణ మగును.

2017లో 253వ దళపు అక్షరములతో, ఆనాటి రంగులతో పి 3717 నేల విడిచినది. ఆ దళపు పేరులో హైదరాబాదు, దానిని నడిపిన చేయి పోలెండుది, రూపము ఇంగ్లండుది, శిథిలమై పడియున్న నేల రష్యాది. పరాయి గడ్డను కాపాడుచు తిరిగి రాని ఒక యువకుని పేరును, అతని ఎన్నడును చూడని తరమువారు ఈనాడు పలుకుచున్నారు. లోహము ఎంత మారినను ఆ పేరు మారలేదు.