అల్గోల్‌లో రైతులు చెప్పిన తీర్పు

2001 జూన్ చివరి వారం. అప్పటి మెదక్ జిల్లా, జహీరాబాద్ దగ్గర అల్గోల్ గ్రామం. తొలకరి పడి దుక్కులు సాగే రోజుల్లో ఎక్కువగా సన్నకారు రైతులైన పందొమ్మిది మంది పని వదులుకుని వచ్చి ఒకచోట కూర్చున్నారు. కోస్తా, సీమ, తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు. ఎక్కువమంది ఆడవాళ్లు, దళితులు, ఆదివాసీలు. చదవడం, రాయడం రానివాళ్లూ ఉన్నారు. వాళ్లే జ్యూరీ.

వాళ్ల ముందు వీడియో నడుస్తోంది. 2020 నాటికి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయం ఎలా ఉండొచ్చో చూపించే మూడు బొమ్మలు. మొదటిది ప్రభుత్వ ‘విజన్ 2020’: పెద్ద కమతాలు, యంత్రాలు, జన్యుమార్పిడి విత్తనాలు. రెండోది విదేశీ మార్కెట్ కోసం సేంద్రియ పంటలు. మూడోది ఊరి తిండి ఊళ్లోనే పండించుకునే పద్ధతి.

వీడియో అయ్యాక విచారణ. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల ప్రతినిధులు, స్వచ్ఛంద సంస్థలవాళ్లు ఒక్కొక్కరే సాక్షులుగా వచ్చారు. ఎప్పుడూ అర్జీ పట్టుకుని ఆఫీసు వరండాలో నిలబడే మనుషులు ఇక్కడ కూర్చుని ప్రశ్నలడిగారు. జవాబు చెప్పే వంతు అవతలివాళ్లది. అంతా తెలుగులోనే. విచారణ న్యాయంగా సాగుతోందా లేదా అని చూడటానికి సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి సహా ఒక పర్యవేక్షక బృందం కూడా ఉంది. ఆ కార్యక్రమం పేరు ‘ప్రజాతీర్పు’.

అసలు ఈ విచారణ ఎందుకొచ్చింది? 1998లో ప్రపంచబ్యాంకు ఆంధ్రప్రదేశ్‌కు దాదాపు 54 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. మరుసటి ఏడు మెకిన్సే సంస్థ సాయంతో తయారైన విజన్ 2020 వెలువడింది. సేద్యం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్నది అందులోని లక్ష్యం. అప్పట్లో బ్రిటన్ ప్రభుత్వ సాయమూ రాష్ట్రానికి అందేది. ప్రపంచబ్యాంకులో దేశాల ఓటుకు ప్రధానంగా వాటాలే కొలత. అమెరికాది సుమారు 16 శాతం, భారత్‌ది 3 శాతం దరిదాపు. ఇక పొలం దున్నే మనిషి మాటకు అక్కడ చోటెక్కడ?

ఆ 70, 40 అంకెలకు అర్థం తెలియాలంటే పాలమూరు ప్రాంతంలోని ఖిల్లా ఘణపూర్ రావాలి. కొండ మీద కోట, కింద గణపసముద్రం చెరువు. అయినా చుట్టుపక్కల ఊళ్లలో మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ముసలివాళ్లను, పిల్లలను ఇంట్లో వదిలి, బొంబాయి, పుణె బస్సెక్కిన కుటుంబాలకు లెక్కలేదు. దేశమంతా ‘పాలమూరు లేబర్’ అని పిలిచింది వీళ్లనే. కోత మిషన్ పొలంలో దిగితే కూలిపని పోతుంది. వరిగడ్డి సరిగా చేతికి రాదు, పశువుకు మేత కరువు. పశువు పోతే పెంట ఎరువూ పోతుంది. సేద్యం నుంచి తప్పించిన మనిషి ఎక్కడికి పోవాలో పాలమూరుకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

అల్గోల్ జ్యూరీ తీర్పు చెప్పింది. భూముల ఏకీకరణ వద్దు. కూలి పోగొట్టే యంత్రాలు వద్దు. కాంట్రాక్టు సేద్యం వద్దు. జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తితో పాటు విటమిన్ ఎ బియ్యమూ వద్దు. నేల, విత్తనం, అడవి ఊరి చేతుల్లో ఉండాలి. తిండికి ఊరు ఒకరి మీద ఆధారపడకూడదు.

ఈ విచారణకు డబ్బు పెట్టినవాళ్లలో నెదర్లాండ్స్ ప్రభుత్వం, న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఉన్నాయి. విటమిన్ ఎ బియ్యం పరిశోధనకు నిధులిచ్చిందీ అదే రాక్‌ఫెల్లర్. దాత పెంచిన పంటనే జ్యూరీ కాదంది. ఆ మాట దాచకుండా నివేదికలోకి ఎక్కింది. దాతృత్వానికి ఇంతకన్నా గట్టి పరీక్ష లేదు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం, పి.వి. సతీష్ ముందుండి నడిపిన జీవవైవిధ్య పరిరక్షణ కూటమి, లండన్‌లోని ఐఐఈడీ (అంతర్జాతీయ పర్యావరణ, అభివృద్ధి సంస్థ) వంటి సంస్థలు కలిసి ఈ పని చేశాయి. 2002 మార్చిలో నివేదిక బ్రిటన్ పార్లమెంటు సభ్యుల ముందుకు వెళ్లింది. బ్రిటన్ సహాయ శాఖ అధికారులు అభ్యంతరం చెప్పారు. నివేదిక నిష్పాక్షికతపై పెద్ద వాదమే నడిచింది. అదే మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. తీర్పు అమలు కాలేదు. కానీ 2004 ఎన్నికల్లో రాష్ట్ర ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం ఆర్థికవేత్త జయతీ ఘోష్ అధ్యక్షతన రైతు సంక్షేమ కమిషన్ వేసింది. వేలమంది సన్నకారు రైతుల గోస అప్పుడు గానీ సర్కారు కాగితాల్లోకి రాలేదు.

ప్రపంచ ఆర్థిక పాలన న్యాయంగా ఉండాలని నేడు ఎన్నో ఫౌండేషన్లు గ్రాంట్లు ఇస్తున్నాయి. ఆ డబ్బులో ఎక్కువ భాగం వాషింగ్టన్, జెనీవా సమావేశాల దగ్గరే ఆగిపోతే న్యాయం జరగదు. అప్పుల షరతులు, వాణిజ్య ఒప్పందాలు మోసేది ఎవరో వాళ్లను న్యాయనిర్ణేతలుగా కూర్చోబెట్టాలి. పోయిన కూలి ఇవ్వండి, దారి ఖర్చులివ్వండి, పత్రాలన్నీ తెలుగులో పెట్టండి, ప్రశ్నించే హక్కు ఇవ్వండి. తర్వాతి ప్రజాతీర్పు ఖిల్లా ఘణపూర్‌లో పెట్టండి. తీర్పు మీకు నచ్చకపోయినా అచ్చువేయండి.