కతీనా పాక్సినూ నటజీవితం: గ్రీకు విషాదనాటకం, హాలీవుడ్ ప్రవాసం

గ్రీకు నటి కతీనా పాక్సినూ (1900–1973) పేరు బయటి ప్రపంచానికి ఒక్క సినిమాతో తెలిసింది. 1943లో విడుదలైన ‘ఫర్ హూమ్ ది బెల్ టోల్స్’లో పిలార్ పాత్రకు ఆమె ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ అందుకున్నారు. నటనకు ఆ పురస్కారం పొందిన తొలి గ్రీకు కళాకారిణి ఆమే. స్వదేశంలో మాత్రం ఆమెను మొదట రంగస్థల నటిగా, ముఖ్యంగా ప్రాచీన విషాదనాటకాల నటిగా గుర్తుపెట్టుకున్నారు. ఈ రెండు కీర్తులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, సినిమా ఆమె కోరి పట్టిన దారి కాదనీ, యుద్ధం తోసిన దారి అనీ, తెర మీద ఆమెకు అక్కరకొచ్చిన విద్య అంతా అప్పటికే ఏథెన్స్ నాటకశాలలో పండి ఉందనీ తేలుతుంది.

ఆమె 1900 డిసెంబర్ 17న ఏథెన్స్‌ను ఆనుకుని ఉన్న రేవుపట్నం పిరయస్‌లో పుట్టారు. పుట్టింటిపేరు కోన్‌స్టాంటోపూలూ, పిండిమిల్లు నడిపే సంపన్న కుటుంబం. మొదట నేర్చింది నటన కాదు, సంగీతం. జెనీవా సంగీత విద్యాలయంలో శాస్త్రీయ గాత్రం అభ్యసించారు. మేటర్‌లింక్ నాటకం ఆధారంగా దిమిత్రి మిత్రోపూలోస్ కూర్చిన ఆపెరా ‘సోదరి బెయాత్రిస్’లో 1920లో పాడారు. మిత్రోపూలోస్ తర్వాతి కాలంలో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందానికి సారథ్యం వహించారు. పాక్సినూ అన్నది మొదటి భర్త వైపు నుంచి వచ్చిన ఇంటిపేరు. ఆ వివాహం నిలవకపోయినా పేరు నిలిచింది.

1920 దశకం చివరికి ఆమె ఆపెరా వదిలి, ఆనాటి గ్రీకు రంగస్థలాన్ని ఏలుతున్న మారికా కొటొపూలి సమాజంలో చేరారు. పాట వదిలినా పాట నేర్పిన శ్వాస, స్థాయి, లయ ఆమెను వదలలేదు. ‘రాజు ఈడిపస్’ ప్రదర్శనకు ఆమే సంగీతం కూర్చడం ఇందుకొక నిదర్శనం.

గ్రీసు జాతీయ నాటకశాల 1930లో ఏర్పడి, 1932లో ఈస్కిలస్ ‘అగమెమ్నాన్’తో తలుపులు తెరిచింది. పాక్సినూ, క్రీటు ద్వీపం నుంచి వచ్చిన నటుడు అలెక్సిస్ మినోటిస్ అక్కడే ఎదిగారు. ఇద్దరూ 1940లో పెళ్లి చేసుకున్నారు. తొలి దర్శకుడు ఫోటోస్ పొలిటిస్ 1934లో మరణించాక ప్రధాన బాధ్యత దిమిత్రిస్ రొందిరిస్ చేతికి వచ్చింది. ఆయన మాక్స్ రైన్‌హార్ట్ దగ్గర పనిచేసి వచ్చినవారు. విషాదనాటకంలో మాటను సంగీతంలా చూడాలన్నది ఆయన పద్ధతి. బృందగానంలోని ప్రతి పాదానికీ లయ కట్టి, గొంతుల స్థాయి ఎక్కడ లేవాలో ఎక్కడ దిగాలో ముందే నిర్ణయించి చెప్పించేవారు. సహజత్వానికి అలవాటు పడిన నటులకు ఇది సంకెల అనిపించి ఉండవచ్చు. గాత్రం నేర్చిన పాక్సినూకు మాత్రం అచ్చివచ్చింది.

ఆ పద్ధతికి అసలు పరీక్ష 1938 సెప్టెంబర్‌లో ఎదురైంది. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దికి చెందిన ఎపిడారస్ ఆరుబయలు రంగస్థలం మీద ఆధునిక కాలంలో తొలిసారిగా ప్రాచీన నాటకం ఆడారు. నాటకం సోఫొక్లీస్ ‘ఎలెక్ట్రా’, దర్శకుడు రొందిరిస్, ఎలెక్ట్రా పాక్సినూ, తల్లి క్లైటెమ్నెస్ట్రా ఎలెనీ పపదాకి. ఎలెక్ట్రా పాత్ర ఎంత బరువైనదో ఒక్క ఘట్టం చూస్తే తెలుస్తుంది. తమ్ముడు ఒరెస్టిస్ చనిపోయాడని నమ్మి, అతని అస్థికలున్నాయనుకున్న కలశాన్ని ఆమె చేతుల్లోకి తీసుకుంటుంది. తాను ఎత్తుకు పెంచిన పిల్లవాడు ఇంత చిన్న పాత్రలో ఇమిడిపోయాడా అని శోకిస్తుంది. ఆ తమ్ముడు ప్రాణాలతో ఆమె ఎదుటే నిలబడి ఉంటాడు. ఆ సంగతి ప్రేక్షకుడికి తెలుసు, ఆమెకు తెలియదు. ఈ శోకంలో గొంతు ఒక్కసారిగా పగిలిపోతే తర్వాత రావలసిన గుర్తింపు ఘట్టానికి ఏమీ మిగలదు. పన్నెండు వేల మందికి పైగా కూర్చోగల ఆవరణలో, మైకు లేకుండా, ఆ శోకాన్ని మెట్టుమెట్టుగా పెంచుకుంటూ పోవాలి. ఆపెరా గాయనికి రోజూ ఉండే లెక్క ఇదే. ప్రాచీన గ్రీసులో స్త్రీ పాత్రలు సైతం మగవాళ్లే ముఖాలు కప్పుకుని వేసేవారు కనుక, ఆ రాతి వేదిక మీద ముసుగు లేని స్త్రీ ముఖంతో ఎలెక్ట్రా నిలబడడం పాత సంప్రదాయాన్ని పునరుద్ధరించడం కాదు. అది కొత్త సంప్రదాయానికి నాంది.

1939లో జాతీయ నాటకశాల ఇంగ్లండ్, జర్మనీ దేశాల్లో పర్యటించింది. మరుసటి ఏడాది పాక్సినూ మళ్లీ లండన్ చేరి ఇబ్సెన్ ‘ఘోస్ట్స్’లో ఆంగ్లంలో నటించారు. ఇంతలో యుద్ధం గ్రీసును చుట్టుముట్టింది. 1941 ఏప్రిల్‌లో జర్మనీ సేనలు ఏథెన్స్‌లో అడుగుపెట్టాయి. తిరిగివెళ్లే దారి మూసుకుపోవడంతో ఆమె అమెరికా చేరారు. 1942లో బ్రాడ్‌వే మీద వేసిన ‘హెడ్డా గాబ్లర్’ కొద్ది రోజులే ఆడింది.

హెమింగ్వే నవల ఆధారంగా శామ్ వుడ్ తీసిన చిత్రం ఆ తరుణంలోనే వచ్చింది. నాయికా నాయకులు ఇంగ్రిడ్ బెర్గ్‌మన్, గారీ కూపర్. స్పెయిన్ అంతర్యుద్ధంలో కొండల్లో దాగిన గెరిల్లా దళం కథ ఇది. దళపతి పాబ్లో ధైర్యం సడలినప్పుడు పగ్గాలు అందుకునే నడివయసు స్త్రీ పిలార్. కెమెరా మనిషికి దగ్గరగా వస్తుంది కనుక రంగస్థల నటన అక్కడ అతిగా కనబడుతుందని అంటారు. పాక్సినూ విషయంలో ఆ మాట సగమే నిజం. గొంతులో, నవ్వులో నాటకశాల కొలతలు కనిపిస్తాయి, అయితే పిలార్ తన దళం ముందు నిలబడి మాట్లాడే మనిషి కనుక అవి పాత్రకు సరిగ్గా కుదిరాయి. ఆస్కార్‌కు తొమ్మిది విభాగాల్లో పోటీపడిన ఆ చిత్రానికి దక్కింది ఆమె బహుమతి ఒక్కటే. 1944 మార్చిలో ఆ బహుమతి తీసుకుంటూ ఆమె దానిని ఏథెన్స్‌లోని తన నాటకశాల సహచరుల పేరిట స్వీకరించారు. అప్పటికి ఏథెన్స్ ఇంకా ఆక్రమణలోనే ఉంది. ఆ సహచరుల్లో ఒకరైన ఎలెనీ పపదాకిని అదే ఏడాది డిసెంబర్‌లో, జర్మన్లు వెళ్లిపోయాక చెలరేగిన అంతర్గత ఘర్షణల్లో, శత్రువుతో చేతులు కలిపిందన్న ఆరోపణ మీద కాల్చి చంపారు. ఎపిడారస్ ప్రదర్శనలోని ఇద్దరు ప్రధాన నటీమణుల గతి ఒకే ఏడాదిలో ఇంతగా వేరుపడింది.

ఆస్కార్ తర్వాత హాలీవుడ్ ఆమెకు మళ్లీ మళ్లీ ఇచ్చినవి ఉగ్రమైన, యాస పలికే విదేశీ స్త్రీ పాత్రలే. ‘కాన్ఫిడెన్షియల్ ఏజెంట్’ (1945) ఆ కోవలోదే. భర్త మినోటిస్‌కు హిచ్‌కాక్ ‘నొటోరియస్’ (1946)లో దొరికింది ఇంటి నౌకరు వేషం. ఏథెన్స్‌లో హామ్లెట్ ఆడిన నటుడికి అది. ఈ వరుసలో ‘మోర్నింగ్ బికమ్స్ ఎలెక్ట్రా’ (1947) ఒక్కటే వేరు. ఈస్కిలస్ నాటకత్రయాన్ని అమెరికా అంతర్యుద్ధం ముగిసిన కాలానికి మార్చి యూజీన్ ఓనీల్ రాసిన నాటకం దానికి మూలం. అందులో పాక్సినూ వేసిన క్రిస్టీన్ మానన్ క్లైటెమ్నెస్ట్రాకు ప్రతిరూపం. ఎపిడారస్‌లో కూతురుగా తల్లిని ద్వేషించిన నటి ఇక్కడ తల్లి వేషం కట్టారు. సినిమా వసూళ్లలో దెబ్బతింది. ఓనీల్‌తో ఆమె అనుబంధం మాత్రం తెగలేదు. ఆయన నాటకాలు కొన్నింటిని స్వయంగా గ్రీకులోకి అనువదించారు.

1951లో న్యూయార్క్‌లో లోర్కా ‘ది హౌస్ ఆఫ్ బెర్నార్డా ఆల్బా’లో బెర్నార్డాగా కనిపించాక, ఆమె దృష్టి మళ్లీ గ్రీసు వైపే నిలిచింది. 1955లో ఎపిడారస్ ఉత్సవంలో మినోటిస్ దర్శకత్వంలో యూరిపిడీస్ ‘హెకుబా’, మరుసటి ఏడాది ‘మీడియా’ ఆడారు. నేడు ఏటా వేసవిలో వేలమందిని రప్పించుకునే ఉత్సవం ఈ ప్రదర్శనల మీదే నిలదొక్కుకుంది. ఆమె వృత్తిలో అన్నిటికన్నా ఫలవంతమైన దశ ఇదేనని చెప్పాలి. ఆస్కార్ కాలం దీని ముందు చిన్నది.

సినిమా మళ్లీ ఆమెకు తగిన పాత్ర ఇచ్చింది ఇటలీలోనే. విస్కోంతి ‘రోకో అండ్ హిజ్ బ్రదర్స్’ (1960)లో ఆమె రొజారియా, దక్షిణాది పల్లె వదిలి కొడుకులతో మిలాన్ చేరిన విధవరాలు. ఒక తెల్లవారుజామున ఊరంతా మంచు కురిసి ఉంటుంది. వీధుల్లో మంచు ఎత్తే కూలి దొరుకుతుందని ఆమె సంబరపడుతూ కొడుకుల్ని నిద్రలేపి తరుముతుంది. ఆ ఆనందంలో అమ్మ ప్రేమ ఎంతో, ఆకలి అంతే ఉంది. కథ ముదిరేకొద్దీ అదే తల్లి కొడుకుల పతనానికి శోకించే హెకుబాలా మారుతుంది. ఆర్సన్ వెల్స్ కూడా ‘మిస్టర్ ఆర్కాడిన్’ (1955)లో ఆమెకు చోటిచ్చారు. ‘ది ట్రయల్’ (1962) కోసం తీసిన ఆమె సన్నివేశం కూర్పులో పోయింది. గ్రీకు భాషలో ఆమె నటించిన సినిమా ‘ఆఫ్రొడైటీ ద్వీపం’ (1965) ఒక్కటే.

1967లో సైనికాధికారులు ప్రభుత్వాన్ని కూలదోశాక పాక్సినూ, మినోటిస్ జాతీయ నాటకశాలను వదిలి సొంత సమాజం పెట్టుకున్నారు. లోర్కా, ఓకేసీ, బ్రెహ్ట్ నాటకాలు ఆడారు. రంగస్థలం మీద ఆమె చివరి పాత్రల్లో బ్రెహ్ట్ ‘మదర్ కరేజ్’ ఒకటి. క్యాన్సర్‌తో 1973 ఫిబ్రవరి 22న ఏథెన్స్‌లో మరణించారు. సైనిక ప్రభుత్వం అంతమైంది ఆ తర్వాతి ఏడాది. మినోటిస్ తిరిగి జాతీయ నాటకశాలకు వెళ్లి, 1990లో మరణించేదాకా నాటకంలోనే ఉన్నారు. దంపతులిద్దరి పేరిట ఏథెన్స్‌లో ఒక మ్యూజియం ఉంది.