నీళ్ళు కాచి తాగండి

ఏలూరులో 2020 డిసెంబరు 5న మొదలైన జబ్బుకు పత్రికలు 'వింత వ్యాధి' అని పేరు పెట్టాయి. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పడిపోవడం, కళ్ళు తేలేయడం, నోటి వెంట నురగ, నాలుగైదు నిమిషాల ఫిట్స్. లేచాక ఏం జరిగిందో చాలామందికి గుర్తులేదు. పది రోజుల్లోపే 600 మందికి పైగా ఆసుపత్రికి చేరారు. ఎక్కువమంది త్వరగానే కోలుకుని ఇళ్ళకు వెళ్ళారు కాబట్టి ఊరు కాస్త కుదుటపడింది. 2021 జనవరిలో భీమడోలు మండలం పూళ్ళలోనూ, మా దెందులూరు మండలం కొమిరేపల్లిలోనూ మళ్ళీ అదే తీరున మనుషులు పడిపోయారు.

దీన్ని నేను జబ్బు చరిత్రగా కాక సలహా చరిత్రగా చదువుతున్నాను. ప్రభుత్వానికి సలహా చెప్పేదెవరు, వాళ్ళకి సమాచారం తెచ్చిపెట్టేదెవరు, ఆ సలహా చివరికి ఎవరి నెత్తిన పడుతుంది? సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక ఏ రిపోర్టు చేతికొచ్చినా ముందు వాక్యంలో కర్త కోసం వెతుకుతాను. ప్రజారోగ్య నివేదికల్లో కర్త తరచు దొరకదు. నమూనాలు 'సేకరించబడతాయి', ఇళ్ళు 'సర్వే చేయబడతాయి'. తెలుగు నోటికి ఎక్కని ఈ కర్మణి ప్రయోగం వెనక, ఆ కోవిడ్ ఏడాదిలో గడప గడపకీ తిరిగిన ఏఎన్ఎంలూ ఆశా కార్యకర్తలూ ఉన్నారు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశా, ప్రభుత్వ లెక్కలో ఉద్యోగి కాదు, స్వచ్ఛంద సేవకురాలు.

నిపుణులు మాత్రం పేర్లతోనే వచ్చారు. ఢిల్లీ, మంగళగిరి ఎయిమ్స్‌లు, హైదరాబాదు నుంచి జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఐఐసీటీ, ఇంకా నీరి, పుణె వైరాలజీ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ. ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి నీలం సాహ్ని అధ్యక్షతన 21 మందితో కమిటీ వేశారు. (అధ్యక్ష స్థానంలో స్త్రీ ఉన్నంత మాత్రాన అడిగే ప్రశ్నలు మారిపోవని మనకు తెలియనిదేం కాదు.) ఎయిమ్స్ రక్తం చూసి సీసం, నికెల్ ఉన్నాయంది. పోషకాహార సంస్థ కూరగాయల్లో పురుగుమందుల అవశేషాలు పట్టుకుంది. వైరస్ కోసం వెతికినవాళ్ళకి వైరస్ దొరకలేదు. మునిసిపల్ నీళ్ళ మీద అనుమానం, ఆ నీళ్ళు తాగనివాళ్ళూ పడిపోవడంతో బలహీనపడింది. డిసెంబరు 16 నాటి సమీక్షలో పురుగుమందులే ప్రధాన కారణమని ఎయిమ్స్, నీరి చెప్పాయి. అవి ఒంట్లోకి ఎలా చేరాయన్నది మరింత అధ్యయనానికి వదిలారు.

ఆ 'ఎలా' దగ్గరే నేను ఆగిపోతాను. రక్తం ఒకరు, నీళ్ళు ఒకరు, కూరగాయలు ఒకరు పంచుకున్నారు. ఇవన్నీ కలిసే చోటు వంటిల్లు. ఏలూరుకు కృష్ణా కాలువా వస్తుంది, గోదావరి కాలువా వస్తుంది. తమ్మిలేరు ఊరి పక్కగా పారి కొల్లేట్లో కలుస్తుంది. చుట్టూ వరిచేలు, చేపల చెరువులు. ఏ బిందె నీళ్ళు తాగడానికో, ఏవి బియ్యం కడగడానికో, ఏ కూర ఏ రోజు ఎక్కడ కొన్నదో చెప్పగలిగింది ఆ ఇంటి ఆడమనిషి. క్యాను నీళ్ళు కొని తాగుతామని రాయించుకున్న ఇంట్లో పప్పు ఏ నీళ్ళతో ఉడికింది? ఈ ప్రశ్న వేయడానికి ప్రయోగశాల అక్కర్లేదు, రోజూ వండే మనిషై ఉంటే చాలు.

ఇలాంటప్పుడు ఇంటింటికీ వచ్చే సలహా మనకి కంఠతా వచ్చు: నీళ్ళు కాచి తాగండి, కూరగాయలు బాగా కడగండి. కాస్తే క్రిములు చస్తాయి, సీసం పోదు. నీరు ఆవిరయ్యాక మిగిలినదాంట్లో దాని పాలు కాస్త పెరుగుతుంది కూడా. కాయ లోపలికి ఇంకిన మందు కడిగితే వదలదు. అయినా ఆ సలహాకే చలామణీ, ఎందుకంటే అది ప్రభుత్వానికి చవక. గ్యాసు ఖర్చూ, కాచే మనిషి పొద్దూ ఏ బడ్జెట్‌లోనూ పడవు. పొలంలో కొట్టే మందు మీదా, కొల్లేట్లోకి వదిలే మురుగు మీదా ఉండాల్సిన అదుపు, వంటింటి జాగ్రత్తగా మారిపోతుంది.

కేరళలోని కాసరగోడు సంగతి ఇక్కడ తలుచుకోవాలి. ప్లాంటేషన్ కార్పొరేషన్ జీడితోటల మీద ఇరవై ఏళ్ళకు పైగా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. 1998లో దాని మీద మున్సిఫ్ కోర్టుకెళ్ళి స్టే తెచ్చినావిడ లీలాకుమారి అమ్మ, వ్యవసాయశాఖలో చిన్న ఉద్యోగి. ఆ తర్వాత కార్పొరేషనే చేయించిన అధ్యయనం, మందుకూ జబ్బులకూ సంబంధం లేదని తేల్చింది. అహ్మదాబాదులోని జాతీయ వృత్తిపర ఆరోగ్య సంస్థ వెళ్ళి చూస్తే పిల్లల రక్తంలో ఎండోసల్ఫాన్ కనిపించింది. 2011లో సుప్రీంకోర్టు దేశమంతటా దాన్ని ఆపించింది. ఏలూరుకు వచ్చినవి చాలావరకు ప్రభుత్వ శాస్త్ర సంస్థలు, తోటల యజమాని కుదుర్చుకున్న సలహాదారులు కావు. ఆ తేడా పెద్దదే, కాదనను. కానీ లీలాకుమారి అమ్మ అడిగిన ప్రశ్న తన ఇంటి మీదుగా ఎగిరిన హెలికాప్టర్‌ని చూసి పుట్టింది. నిపుణుల ప్రశ్న వాళ్ళ పరికరం నుంచి పుడుతుంది.

కొమిరేపల్లి లాంటి ఊళ్ళో సర్వే కాగితం తయారుచేసేటప్పుడే ఆశా కార్యకర్తని పక్కన కూర్చోబెట్టుకుంటే ఏయే గడులు చేరతాయో ఊహించడం కష్టం కాదు. అన్నం ఏ నీళ్ళతో వండారు? కూర కడిగింది ఎవరు, ఎన్ని నీళ్ళు దొరికాయి? ఈ వారంలో పొలం పనికి ఎవరు వెళ్ళారు, ఆ బట్టలు ఎవరు ఉతికారు? పడిపోయిన మనిషి తినగా మిగిలింది ఎవరు తిన్నారు?