సాగతుణ్ణి ఎత్తుకురమ్మన్నాడు

నెగడు దగ్గరికి జరగండర్రా, మంచు దిగుతోంది. ఇవాళ సాగతుడి ముచ్చట చెబుతా.

బుద్ధుడి శిష్యుల్లో తేజోధాతువును, అంటే నిప్పును, వశం చేసుకోవడంలో సాగతుణ్ణి మించినవాడు లేడు. చేది దేశంలో ఒక జడధారి ఆశ్రమంలో విషనాగు ఉండేది. అటు పోవద్దని పశువుల కాపర్లు బుద్ధుణ్ణే బతిమాలారంటే చూసుకోండి. సాగతుడు వెళ్లి, నాగు మంట కక్కితే తానూ మంట పుట్టించి దాన్ని లొంగదీశాడు.

ఆ మాట కౌశాంబికి పాకింది. ఆయనకు ఏమిస్తే బాగుంటుందని ఊరి జనం అడిగితే, ఆరుగురు అల్లరి భిక్షువుల జట్టు "తేరిన సుర" అని చెప్పింది. తెల్లారి ఆయన భిక్షకు వెళ్తే ఇంటింటా అదే పోశారు. ప్రేమతోనే పోశారర్రా, పగతో కాదు. ఊరు దాటబోతూ కోటగుమ్మం దగ్గర కూలిపోయాడు.

బుద్ధుడు చూశాడు. ఎత్తుకురమ్మన్నాడు. విహారంలో తల బుద్ధుడివైపు పెట్టి పడుకోబెడితే, మత్తులో దొర్లి కాళ్లు బుద్ధుడివైపు చాపాడు సాగతుడు. నాగును గెలిచినవాడు ఇప్పుడు నీరుకట్టెనైనా గెలవగలడా అని బుద్ధుడు మిగతా భిక్షువుల్ని అడిగాడు. గెలవలేడన్నారు. భిక్షువులు మత్తు ముట్టకూడదన్న నియమం అప్పుడే పుట్టింది.

అది పాచిత్తియం. తోటి భిక్షువు ముందు ఒప్పుకుంటే తీరిపోతుంది, సంఘం నుంచి వెలి ఉండదు. సాగతుడికైతే ఆ తప్పూ అంటలేదు, నియమం ఆయన తాగాకే కదా వచ్చింది! ఆయన ఆ తర్వాత అర్హంతుడయ్యాడని అట్ఠకథ, అంటే పాత వ్యాఖ్యానం, చెబుతుంది.

తాగొచ్చినవాణ్ణి మనం అరుగు కూడా ఎక్కనివ్వం. వాడి ఆలుబిడ్డల ఏడుపు విన్నవాణ్ణి, ఆ కోపం నాకు తెలుసు. కానీ వీధిలో పడున్నవాడు మానేదెలా?

థాయిలాండ్‌లో సరబురి దగ్గర థామ్ క్రబోక్ అనే ఆశ్రమం ఉంది. 1959లో నల్లమందు ఆ దేశంలో నిషేధమయ్యాక, మత్తుకు బానిసలైనవాళ్లను ఆ ఆశ్రమ భిక్షువులు చేరదీశారు. వాళ్ల అప్పటి పెద్ద ఫ్రా చమ్రూన్, ఒకప్పటి పోలీసు, 1975లో మెగసెసే అవార్డు అందుకున్నాడు. అక్కడి పద్ధతి ఇది: ముందు మానేస్తానని సత్యప్రమాణం చేయాలి. తర్వాత ఐదు రోజులు మూలికల కషాయం తాగి, కడుపునిండా నీళ్లు తాగి కక్కాలి. పక్కన తోటి రోగులు పాటలు పాడుతూ ధైర్యం చెబుతారు. మూలికల ఆవిరి కూడా పట్టిస్తారు.

ఒక్కటి మాత్రం నా మనసుకు ఎక్కదు. మాట తప్పినవాణ్ణి రెండోసారి చేర్చుకోకపోవడం అక్కడి కట్టుబాటు. ప్రమాణం పలచనవుతుందని వాళ్ల భయం, అది నిజమే. మరి మళ్లీ జారి గేటు దాకా వచ్చినవాడు ఎక్కడికి పోవాలి? నాకు అదే దిగులు.