ప్రజానాయకుల వ్యక్తిగత జీవితం – ప్రజల పరిశీలన

పరిచయం

మచిలీపట్నాన్ని ఆనుకుని ఉన్న చిలకలపూడి గిల్టు నగలకు ప్రసిద్ధి. కొనేవారు పూత ఎన్నాళ్లు నిలుస్తుందని అడుగుతారు. నగ చేసినవారి ఇంటి సంగతులు అడగరు. నాయకుణ్ణి ఎన్నుకునే ఓటరుకు అటువంటి హద్దు ఉందా? ఇదే జిల్లాకు చెందిన ఎన్.టి. రామారావు చివరి సంవత్సరాల ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

వివాహం, ఎన్నికలు

1923లో నిమ్మకూరులో జన్మించిన రామారావు 1983లో గుడివాడ నుంచి శాసనసభకు గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. 1985లో భార్య బసవతారకం మరణించారు. 1993లో, డెబ్బై ఏళ్ల వయస్సులో, ఆయన లక్ష్మీపార్వతిని వివాహం చేసుకున్నారు. ఇంటా బయటా దీనిపై పెద్ద దుమారం రేగింది. అయినా 1994 డిసెంబరు ఎన్నికల్లో ఆయన ఘనవిజయం సాధించారు. అధికారంలో ఉన్న కాంగ్రెస్ 294 స్థానాల్లో 26కే పరిమితమైంది. కిలో రెండు రూపాయల బియ్యం, మద్యనిషేధం వంటి హామీలు ఇందుకు తోడ్పడ్డాయి. కాబట్టి ప్రజలు వివాహాన్ని ఆమోదించారని ఈ ఫలితాన్ని బట్టి చెప్పలేం. అది ఆయన గెలుపునకు అడ్డు కాలేదని మాత్రం చెప్పగలం.

1995 సంక్షోభం

1995 ఆగస్టు నాటికి ప్రశ్న మారింది. పార్టీ, ప్రభుత్వ వ్యవహారాల్లో లక్ష్మీపార్వతి జోక్యం చేసుకుంటున్నారని చంద్రబాబునాయుడు వర్గం ఆరోపించింది. అది అధికారం కోసం వెతికిన సాకని రామారావు వర్గం వాదించింది. సెప్టెంబరు 1న చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. 1996 జనవరి 18న రామారావు మరణించారు.

ఇక్కడ రెండు ప్రశ్నలను వేరు చేసి చూడండి. పదవి లేని వ్యక్తి ప్రభుత్వ నిర్ణయాలను నడిపిస్తున్నారా అన్నది ప్రజలు అడగదగిన ప్రశ్న. దానికి జవాబు నియామకాల్లో, ఉత్తర్వుల్లో వెతకాలి. ఆ వయస్సులో పెళ్లెందుకన్నది ఆ ఇద్దరి విషయం. ఎగతాళి ఎన్నడూ సాక్ష్యం కాదు.

చట్టం గీసిన గీత

1994 అక్టోబరులో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు, వ్యక్తిగత గోప్యత 21వ అధికరణంలో భాగమని చెప్పింది. అయితే ప్రభుత్వ పదవిలో ఉన్నవారి విధి నిర్వహణకు సంబంధించిన ప్రవర్తనపై విమర్శకు విస్తృతమైన స్వేచ్ఛ ఉందని కూడా చెప్పింది. 2002 నాటి తీర్పు ఫలితంగా అభ్యర్థులు నేరచరిత్ర, విద్యార్హతలతో పాటు జీవిత భాగస్వామి ఆస్తులనూ వెల్లడించవలసి వచ్చింది. అంటే కుటుంబ విషయమైనా, ప్రజాధికారంతో ముడిపడే చోట తలుపు తెరవాలి. ముడిపడని చోట మూసి ఉంచవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ముఖ్యమంత్రి అనారోగ్యం వ్యక్తిగత విషయమా, ప్రజా విషయమా? పై గీటురాయిని ఉపయోగించి పది పంక్తుల్లో రాయండి.