ఇద్దరు కాటన్ దొరలు

గోదావరి జిల్లాల నుండి వచ్చినవారికి కాటన్ దొరను పరిచయం చెయ్యనక్కరలేదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి డెల్టాను అన్నపూర్ణగా మార్చిన మహానుభావుడని మన తాతలు చేతులెత్తి దణ్ణం పెట్టారు. గోదావరి స్నానవేళ ఆయన పేరు కూడా తలచుకునే పండితులుండేవారని చెబుతారు. అయితే మనం కాపురముంటున్న ఈ స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌కు పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరంలో, బ్రిస్బేన్ నది ఒడ్డున, ఒకప్పుడు మరో కాటన్ దొర అధికారం చేశాడన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆయన పేరు సిడ్నీ కాటన్. మన ఆర్థర్ కాటన్‌కు స్వయానా అన్నగారు.

వీరి తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. ఇంటినిండా మగపిల్లలు. సిడ్నీ 1792లో పుడితే, పదవ కొడుకైన ఆర్థర్ 1803లో పుట్టాడు. 1826లో భరత్‌పూర్ కోటను పట్టుకున్న సేనాని లార్డ్ కంబర్‌మియర్ వీరికి పెదనాన్న కొడుకు. ఇంకొక సోదరుడు ఫ్రెడరిక్ కూడా ఆర్థర్ లాగే మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరాడు. ఇంగ్లండులో పుట్టి, ఇండియాలోనో ఆస్ట్రేలియాలోనో ఉద్యోగం వెతుక్కున్న కుటుంబమిది. ఆ మాటకొస్తే వలస మనకొక్కరికే కొత్త కాదు.

సిడ్నీ 1810లో అశ్వికదళంలో చేరి ఇండియాలో పనిచేశాడు. తరువాత 28వ రెజిమెంటు మేజరుగా 1837 నుండి 1839 వరకు మోర్టన్ బే శిక్షా శిబిరానికి కమాండెంటుగా ఉన్నాడు. ఈనాటి బ్రిస్బేన్ నగరం ఆ శిబిరంగానే మొదలయింది. ఇతర చోట్ల మళ్ళీ నేరం చేసిన ఖైదీలను ఇక్కడకు పంపేవారు. విక్‌హామ్ టెర్రస్‌లో ఇప్పటికీ నిలిచి ఉన్న పాత గాలిమర ఆ ఖైదీలు కట్టినదే. దానికి అమర్చిన తొక్కుడు చక్రం మీద శిక్ష పడ్డవారిని గంటల తరబడి నడిపించేవారు.

అదే సిడ్నీ కాటన్ 1857లో పెషావరులో బ్రిగేడియర్. మే 22న అక్కడి సిపాయి పటాలాల చేత ఆయుధాలు కింద పెట్టించాడు. జూన్ 10న 55వ పటాలానికి చెందిన 40 మంది సిపాయిలను ఫిరంగి మూతులకు కట్టి పేల్చినప్పుడు, ఆ కవాతు మైదానంలో అధిపతి ఆయనే. ఆ మరుసటి ఏడే సర్ బిరుదు దక్కింది. 1874లో మరణించాడు.

ఇక తమ్ముడి కథ. ఆర్థర్ కూడా సైనికుడే. 1824లో మొదలయిన బర్మా యుద్ధంలో పోరాడినవాడే. కాని తరువాత ఆయన పని నదులతోనే సాగింది. 1836లో కొల్లిడం మీద ఆనకట్టలు కట్టాడు. ఇసుకలో పునాది వేసే కిటుకును పూర్వకాలపు తమిళ శిల్పులు కట్టిన కల్లణై చూసి నేర్చుకున్నాడు. అప్పటికి తెలుగుదేశం 1833 గుంటూరు కరువుతోను, 1839 కోరంగి ఉప్పెనతోను చితికిపోయి ఉంది. నదిలోని నీరు సముద్రం పాలు, పక్క ఊళ్ళు ఆకలి పాలు. 1847లో పని ప్రారంభించి 1852 నాటికి గోదావరి నాలుగు పాయలకూ అడ్డుకట్ట వేశాడు. వీణం వీరన్న వంటి మనవాళ్ళు, పేరులేని వేలాది కూలీలు ఆయనతో కలిసి శ్రమించారు.

ఈ ఆర్థర్‌కు కూడా మన ఆస్ట్రేలియాతో బంధుత్వముంది. 1841లో ఆయన పెళ్ళాడిన ఎలిజబెత్, టాస్మానియాలో స్థిరపడిన లెర్‌మాంత్ వారి ఆడపడుచు. వారి పెద్దకూతురు 1842లో టాస్మానియాలోనే పుట్టింది. తండ్రి జీవితచరిత్రను 1900లో వెలువరించిన లేడీ హోప్ ఆమే.

కాటన్ వంశం మంచిదా, చెడ్డదా అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి? ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరూ ఒకే ప్రభుత్వానికి ఉద్యోగులు. ఆ ప్రభుత్వం ఆనకట్టకు డబ్బిచ్చింది శిస్తు పెరుగుతుందనే. కనుక ఆర్థర్‌కు పెట్టే దణ్ణాన్ని ఆ ప్రభుత్వం ఖాతాలో వెయ్యరాదు. అన్న ఫిరంగులను చూపించి తమ్ముడు పారించిన నీళ్ళను కాదనడమూ న్యాయం కాదు. రైళ్ళ కంటే కాలువలే మేలని 1878లో పార్లమెంటు కమిటీ ముందు కూడా వాదించిన ముసలివాడాయన. 1899లో 96వ ఏట కన్నుమూసేదాకా ఆ పట్టు విడవలేదు.

ఈసారి పిల్లలను ఆ పాత గాలిమర దగ్గరకు తీసుకువెళ్ళినప్పుడు అన్నదమ్ములిద్దరి కథా చెప్పాలని మా అభిప్రాయం. ఆ తొక్కుడు చక్రం మీద నడిచినవారిని, పెషావరు సిపాయిలను, ధవళేశ్వరంలో రాళ్ళు మోసినవారిని కూడా తలచుకుంటేనే కాటన్ దొరకు మనం పెట్టే దణ్ణం నిండుగా ఉంటుంది.