భీమవరం సుబ్బారావు గారు, మన గేదె కార్జంలో జలగ



కొల్లేరు అంచు పల్లెల్లో గడ్డి మేసిన గేదెలకు దవడ కింద నీరు దిగి, పారుకుంటూ, పాలు తగ్గితే మనకు ముందు గుర్తొచ్చేది కార్జపు జలగ. నత్తల వల్ల వచ్చే రోగం. దీనికి ఆక్సీక్లోజనైడ్ తాగిస్తాం. ఆ మందు జలగను ఎలా చంపుతుందో తెలియాలంటే మన భీమవరం దాకా వెళ్లాలి.

1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో ఫిస్కే గారితో కలిసి పనిచేశారు. 1927లో కండలో శక్తిని నిలవ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నారు. తిన్న తిండి ఏటీపీగా మారితేనే ఏ జీవికైనా కదలడానికి, గుడ్లు పెట్టడానికి సత్తువ.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు పర్మనెంటు ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లే కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందమే 1947లో బోదకాలుకు హెట్రజాన్ తెచ్చింది. మన ఇళ్లకు తెచ్చి మింగమంటే చాలామందిమి పెరట్లో పారేసిన డీఈసీ బిళ్ల అదేనండి! 1948లో, 53 ఏళ్లకే ఆయన పోయారు.

డీఈసీ పనిచేసే దారి వేరు. దాంతోపాటు ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రం పురుగుకు చక్కెర అందకుండా చేసి, ఏటీపీ తగ్గిస్తుంది. ఇక మన జలగ మందు సంగతి. ఆయిల్ ఇంజను తిరుగుతూనే ఉంది, బెల్టు జారిపోయింది అనుకోండి. ఆయిల్ కాలిపోతుంది, పంపు మాత్రం నీళ్లు పొయ్యదు. జలగ ఒంట్లో జరిగేదీ అదే. తిండి ఖర్చవుతుంది, ఏటీపీ తయారవదు.

చిక్కేమిటంటే గేదె కూడా ఏటీపీ మీదే బతుకుతుంది. అందుకే మోతాదు మించితే దానికీ ముప్పే. అలాగని తగ్గిస్తే జలగ చావదు, పైగా మందుకు అలవాటు పడే జలగలే మిగులుతాయి. నేనూ ఒకప్పుడు ఒక గేదె మందును రెండింటికి సర్ది, డబ్బు మిగిలిందని మురిసిపోయినవాణ్ణే. రెండూ తేరుకోలేదు.

కాబట్టి బరువు చూసి, డాక్టరు గారు చెప్పినంత తాగించండి. ఈ మందు ఎదిగిన జలగల మీదే బాగా పనిచేస్తుంది, పిల్ల జలగలు మిగిలిపోతాయి. రెండో డోసు ఎప్పుడో తప్పకుండా అడగండి. బోదకాలు బిళ్ల ఇస్తే, ఈసారి పారెయ్యకుండా మింగండి.